తలుపు పక్క సీటు

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం. ఒకటో తరగతిలో పిల్లల్ని దించి అమ్మలంతా వెళ్ళిపోయాక ఒకామె గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది. "మేడం, మా బాబుకి పుట్టినప్పుడు కడుపు ఆపరేషన్ అయింది. అప్పుడప్పుడూ తెలీకుండా... కాస్త చూసుకోండి" అని సగంలో ఆగిపోతుంది. మిగతా సగం చెప్పడానికి ఆమెకు సిగ్గు, అడగడానికి మీకు మొహమాటం. పుట్టుకతో పేగు జబ్బున్న పిల్లల చదువు చాలాసార్లు ఈ మొహమాటం దగ్గరే దెబ్బతింటుంది. అంగన్‌వాడీ టీచర్ల కోసం, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల కోసం ఇది రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ పిల్లల్లో ఎక్కువమందికి తెలివిలో ఏ లోటూ ఉండదు. వాళ్ళు పోగొట్టుకునేది కాలాన్ని. ఆస్పత్రిలో గడిచిన నెలలు, బాత్రూంలో గడిచిన పీరియడ్లు, బట్టలు పాడవుతాయేమోనన్న దిగులులో చెవికెక్కకుండా పోయిన పాఠాలు. వైద్యం డాక్టర్లు చేస్తారు. పోయిన ఈ కాలాన్ని తిరిగి ఇవ్వగలిగింది మాత్రం అంగన్‌వాడీ, బడి.

ముందు జబ్బుల సంగతి తెలియాలి. తెలిస్తే సగం కోపం, సగం భయం పోతాయి. మీకు ఎక్కువగా వినిపించే పేరు హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి. 1886లో డెన్మార్క్ పిల్లల వైద్యుడు హారాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ దీన్ని వివరించాడు కనుక ఆయన పేరే నిలిచింది. బిడ్డ కడుపులో ఉండగా అయిదో వారం నుంచి పన్నెండో వారం లోపల నాడీకణాలు పేగు పొడవునా పైనుంచి కిందికి చేరుకోవాలి. మధ్యలో ఎక్కడో ఆగిపోతే, అక్కడినుంచి కింది పేగు బిగుసుకుని ఉంటుంది, మలాన్ని ముందుకు నెట్టదు. పైన ఉన్న పేగు ఉబ్బిపోతుంది. దాదాపు 5000 కాన్పుల్లో ఒకరికి ఇలా జరుగుతుంది, ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో నాలుగు రెట్లు ఎక్కువ. పుట్టిన 48 గంటలైనా నల్లటి జిగురు విరేచనం కాకపోతే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు. నాడీకణాలు లేని భాగాన్ని తీసేసి, మంచి పేగును కిందికి లాగి కుట్టే ఆపరేషన్‌కు 1948లో అమెరికా సర్జన్ ఆర్వార్ స్వెన్సన్ దారి వేశాడు. ఇప్పుడు చేసే పద్ధతులన్నీ ఆ ఆలోచన మీద నిలబడినవే.

రెండోది, మలద్వారం లేకుండానో, ఉండాల్సిన చోట లేకుండానో పుట్టడం. ఇదీ సుమారు 5000 మందిలో ఒకరికి వస్తుంది. వీళ్ళలో చాలామందికి పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పొట్ట మీద పేగుకు నోరు తెరిచి సంచి తగిలిస్తారు. దాన్నే కొలోస్టమీ అంటారు. కొన్ని నెలలకు మలద్వారం తయారుచేస్తారు. అది మానాక పొట్ట మీది నోరు మూసేస్తారు. అంటే చాలామంది విషయంలో మూడు ఆపరేషన్లు. ఈ మలద్వారం తయారుచేయడానికి 1982లో ఆల్బర్టో పేన్యా, పీటర్ డెవ్రీస్ ప్రచురించిన పద్ధతినే ఇవాళ్టికీ ఎక్కువమంది సర్జన్లు పాటిస్తున్నారు. ఈ పిల్లల్లో కొందరికి వెన్నెముక, గుండె, కిడ్నీల్లో కూడా తేడా ఉండవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇవి కాక పేగులు బొడ్డు పక్కనుంచి బయటికి వచ్చి పుట్టే పిల్లలు, పేగు మధ్యలో మూసుకుపోయి పుట్టేవాళ్ళు, చాలా పేగు తీసేయాల్సి వచ్చి పొట్టి పేగుతో మిగిలేవాళ్ళు ఉంటారు. ఎవరిది ఏ జబ్బయినా బడికి సంబంధించిన ప్రశ్నలు దాదాపు ఒకటే.

తల్లిదండ్రులు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇది: "అన్ని ఆపరేషన్లు చేశారు కదా టీచర్, ఆ మత్తుమందు వల్లే వీడి బుర్రకు ఎక్కట్లేదంటారా?" దీనికి నిజాయితీగా జవాబు చెప్పవచ్చు. పసితనంలో ఒక గంట లోపు మత్తు ఒక్కసారి ఇస్తే తెలివితేటల మీద ప్రభావం లేదని, ఏడు దేశాల్లో గజ్జల హెర్నియా ఆపరేషన్ చేయించుకున్న పసిపిల్లలను అయిదేళ్ళ వయసు దాకా గమనించిన అధ్యయనం 2019లో తేల్చింది. మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలు దాటిన మత్తు, లేదా పదేపదే ఇచ్చే మత్తు విషయంలో జాగ్రత్త అవసరమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. కానీ ఈ ఆపరేషన్లు వాయిదా వేయదగ్గవి కావు, అవి లేకపోతే బిడ్డే దక్కేది కాదు. కాబట్టి తల్లికి చెప్పాల్సిన మాట: "అమ్మా, మీరు చేయించింది సరైన పనే. ఇప్పుడు బాబు ఎలా ఎదుగుతున్నాడో కనిపెట్టి చూసుకుందాం."

పుట్టగానే పెద్ద ఆపరేషన్ జరిగిన పిల్లలను దీర్ఘకాలం గమనించిన చోట్ల కనిపించింది ఇది. ఎక్కువమంది మామూలుగానే ఎదుగుతారు. కొందరిలో కూర్చోవడం, నడవడం, పరుగెత్తడం లాంటివి ఆలస్యమవుతాయి. ఆ తర్వాత కొందరికి ఏకాగ్రతలో ఇబ్బంది రావచ్చు. దీనికి కారణం ఒక్కటి కాదు. నెలలు నిండకుండా పుట్టడం, ఇంటెన్సివ్ వార్డులో వారాల తరబడి ఉండటం, బరువు పెరగకపోవడం, పదేపదే ఇన్‌ఫెక్షన్లు, అన్నీ కలుస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి మామూలు కంటే ఎక్కువగా వస్తుంది. అలాంటి బిడ్డ నెమ్మదిగా నేర్చుకుంటుంటే దానికి కారణం డౌన్ సిండ్రోమ్, పేగు కాదు. ఈ రెంటినీ కలిపేస్తే, పేగు జబ్బున్న పిల్లలందరికీ చదువు రాదన్న మాట ఊళ్ళో పుడుతుంది. పుట్టిన మాట పోదు.

అంగన్‌వాడీ టీచర్లు చేయగలిగింది ఇక్కడే ఎక్కువ. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే ఇళ్ళు మనవి. కానీ పొట్ట మీద సంచి ఉన్న బిడ్డను బోర్లా పడుకోబెట్టడానికి ఇంట్లో అందరికీ భయమే. నెలల తరబడి వెల్లకిలా, లేదంటే చంకలో. దాంతో మెడ, భుజాలు, నడుము బలపడవు, ఆ తర్వాత ప్రతి మెట్టూ ఆలస్యమవుతుంది. పుండు మానాక సంచి ఉన్న బిడ్డను కూడా బోర్లా వేయవచ్చు. సర్జన్‌ను ఒక్క మాట అడిగి, సంచి ఖాళీ చేసి, మెత్తటి దుప్పటి మీద పూటకు కొన్ని నిమిషాలతో మొదలుపెట్టమనండి. ఆసరా లేకుండా కూర్చోవడం 9 నెలలు దాటినా రాకపోతే, సొంతంగా నడవడం 18 నెలలకైనా రాకపోతే ఆగకుండా చూపించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, ముందుగా పుట్టిన వారాలను వయసులోంచి తీసేసి లెక్కవేయాలి. రెండేళ్ళ దాకా ఇలాగే చూడాలి.

తిండి గురించి కూడా. చాలారోజులు గొట్టంతోనో సెలైన్ ద్వారానో ఆహారం తీసుకున్న బిడ్డకు నోటితో తినడం కొత్త. ముద్ద నోట్లో పెడితే ఓకరిస్తుంది, నమలదు. పంతం అనుకుని కుక్కితే ఆ భయం ముదురుతుంది. నమలడానికీ మాట్లాడటానికీ పనిచేసేవి ఆ నాలుకా, ఆ పెదవులూ, ఆ దవడే కాబట్టి వీళ్ళలో కొందరికి మాటలూ ఆలస్యమవుతాయి. ఇంటెన్సివ్ వార్డులో ఎక్కువ రోజులున్న పిల్లలకు వినికిడి లోపం వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ కనుక, మాటలు రాకపోతే మొదట చెవి పరీక్ష చేయించాలి. బాల్‌వాటికలోనో ఒకటో తరగతిలోనో పిలిస్తే పలకని పిల్లాడి గురించి కూడా ఇదే చెబుతాను. శ్రద్ధ లేదనే ముందు వినపడుతోందో లేదో చూడండి.

చిన్నపేగు చివరి భాగం తీసేసిన పిల్లలకు బి12 విటమిన్ ఒంటికి సరిగా పట్టదు. నోటితో ఇచ్చే మామూలు మాత్రలు చాలకపోవచ్చు, డాక్టరు ఇంజెక్షన్ రాస్తారు. ఇనుము లోపం కూడా వీళ్ళలో తరచుగా ఉంటుంది. పాలిపోయి, మధ్యాహ్నానికి డెస్కు మీద తల వాల్చే పిల్లాడికి సోమరితనం అంటగట్టకండి, రక్తపరీక్ష చేయించమని ఇంట్లో చెప్పండి. బరువు, ఎత్తు నెలనెలా రాసే అలవాటు అంగన్‌వాడీలో ఉంది. బడిలో కూడా ఈ ఒక్క పిల్లాడికి రాయండి. మూడు నెలలు గీత పైకి లేవకపోతే ఆ కాగితమే తల్లిని ఆస్పత్రికి కదిలిస్తుంది.

ఇక తరగతి గది. బడిలో అందరూ తడబడేది బట్టల్లో విరేచనం అయిపోవడం దగ్గరే. కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెబుతాను.

ఆపరేషన్ బాగా జరిగినా ఈ పిల్లల్లో చాలామందికి మలం మీద పట్టు తోటిపిల్లల కన్నా ఆలస్యంగా వస్తుంది. కొందరికి పూర్తిగా రాదు. బిగించి ఆపే కండరం బలహీనంగా ఉండవచ్చు, లేదా వచ్చినట్టు తెలిపే స్పర్శే తక్కువ ఉండవచ్చు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పేగు చివర గట్టిపడిన మలం పేరుకుపోయినప్పుడు, పైనుంచి పలచగా వచ్చేది దాని పక్కలనుంచి జారి బట్టల్లోకి కారుతుంది. చూసేవాళ్ళు విరేచనాలు అనుకుంటారు. అసలు జబ్బు మలబద్ధకం. "కదలకుండా కూర్చున్నావు, చెప్పొచ్చు కదా" అని మీరు అడిగితే పిల్లాడు తెల్లబోయి చూస్తాడు. అతనికి నిజంగా తెలియలేదు. వాసన కూడా రాదు, ఎప్పుడూ ఉండే వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది. అతను అబద్ధం ఆడుతున్నాడని తరగతి మొత్తం అనుకుంటున్న సమయంలో ఆ గదిలో మీ ఒక్కరికైనా నిజం తెలిసి ఉండాలి.

కాబట్టి మొదటి నియమం, అనుమతి అడిగే పని ఉండకూడదు. వేలు ఎత్తి, అందరి ముందూ "మేడం, రెండుకి" అని చెప్పి, మీరు బోర్డు మీద రాస్తున్న వాక్యం పూర్తయ్యేదాకా ఆగే వ్యవధి అతనికి లేదు. అతనూ మీరూ ముందే ఒక గుర్తు అనుకోండి, బల్ల మీద ఎర్ర పెన్సిల్ నిలబెట్టడం లాంటిది. అది పెట్టి లేచి వెళ్ళిపోతాడు, అంతే. సీటు తలుపు పక్కనే ఉండాలి, కానీ వెనక బెంచీలో కాదు. ముందు వరుసలో, తలుపు వైపు చివర. వాసన వస్తుందని వెనక్కి పంపిన పిల్లాడికి ఆ రోజు నుంచి బోర్డు దూరమవుతుంది, స్నేహితులూ దూరమవుతారు. చదువు వెనకబడటం అక్కడినుంచే మొదలవుతుంది.

రెండోది తాళం. చాలా బడుల్లో మరుగుదొడ్డికి తాళం వేసి తాళంచెవి హెచ్.ఎం. గదిలో మేకుకు తగిలిస్తారు. పాడుచేస్తారని, బయటివాళ్ళు వాడతారని కారణాలు ఉంటాయి. ఈ పిల్లాడు బడిలో ఉన్నంతసేపు ఒక్క గది తాళం లేకుండా, నీళ్ళతో ఉండాలి. బకెట్, మగ్గు, లోపల గడియ, ఒక మేకు. తీసిన బట్ట తగిలించుకోవడానికి మేకు ఎంత అవసరమో వాడేవాళ్ళకు తెలుస్తుంది. ఇంటినుంచి ఒక సంచి తెచ్చి మీ అలమారాలో పెట్టించండి. అందులో రెండు చెడ్డీలు, ఒక నిక్కరు, చిన్న తువ్వాలు, సబ్బు, చర్మం మండకుండా డాక్టరు రాసిన ఆయింట్‌మెంటు, తీసిన బట్టలు వేసుకోవడానికి ముడివేసే కవరు ఉంటే చాలు. శుభ్రం చేసుకోవడం ఇంట్లో నేర్పించమనండి. ఆరేడేళ్ళకు చాలామంది సొంతంగా చేసుకోగలరు. అప్పటిదాకా సాయం కావాలంటే ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి. ఆయమ్మకు విషయం వివరంగా చెప్పండి, ఆమెకు చేతి తొడుగులు ఇవ్వండి, ఆమె చేస్తున్న పనికి నలుగురిలో గౌరవం ఇవ్వండి. చెప్పకుండా అప్పగించి, తర్వాత ఆమె విసుక్కుందని నొచ్చుకోవడం న్యాయం కాదు.

మధ్యాహ్న భోజనం తర్వాతి అరగంట అన్నిటికన్నా ముఖ్యం. తిన్నాక పేగు కదలడం శరీరానికి సహజం. ఆ సమయంలో అయిదు పది నిమిషాలు స్థిమితంగా కూర్చోగలిగితే పేగు ఖాళీ అవుతుంది, మిగతా మధ్యాహ్నం హాయిగా గడుస్తుంది. కానీ మన భోజన విరామంలో వరుసలో నిలబడి పళ్ళెం అందుకునేసరికే సగం సమయం అయిపోతుంది. ఈ పిల్లాడికి మొదటి పళ్ళెం ఇవ్వండి. తిని, ఆడుకోవడానికి ముందే వెళ్ళివస్తాడు. ఆట పోగొట్టకండి. పరుగులు, ఖోఖో, కబడ్డీ అతనికి ఎంతో అవసరం. పొట్ట మీద సంచి ఉంటే మాత్రం దెబ్బ తగిలే కబడ్డీ లాంటివి సర్జన్‌ను అడిగాకే. సంచి ఉన్నంత మాత్రాన గట్టు మీద కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించకండి.

ఏం తినాలన్నది ఒక్కో పిల్లాడికి ఒక్కోలా ఉంటుంది. మలబద్ధకం ఉన్న బిడ్డకు నీళ్ళు, ఆకుకూరలు, పండ్లు కావాలి. పలచగా ఎక్కువసార్లు వెళ్ళే బిడ్డకు అవే ఇబ్బంది పెట్టవచ్చు. కాబట్టి గుడ్డు, చిక్కీ, రాగిజావ, ఏది వద్దన్నా బలవంతం చేయకండి. తల్లి ఇచ్చిన జాబితా వంట చేసేవాళ్ళకు చేరేలా చూడండి. బడికి వస్తే నీళ్ళు తాగడం మానేసే పిల్లలు ఉంటారు, బాత్రూంకి వెళ్ళాల్సి వస్తుందన్న భయంతో. దాంతో మలం ఇంకా గట్టిపడుతుంది, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు ఇన్‌ఫెక్షన్ వస్తుంది. వాటర్ బెల్ కొట్టినప్పుడు ఈ పిల్లాడి సీసా వైపు ఒకసారి చూడండి.

కొందరికి ఇంట్లో రోజూ ఎనీమా ఇస్తారు. పేగును ఒకసారి పూర్తిగా కడిగేస్తే మర్నాటిదాకా బట్టలు శుభ్రంగా ఉంటాయి. పొట్ట మీద చిన్న రంధ్రం చేసి, అపెండిక్స్ ద్వారా పైనుంచి నీళ్ళు పంపే పద్ధతిని 1990లో ఇంగ్లండ్‌లో మలోన్ అనే సర్జన్ ప్రచురించాక అది పిల్లలకు పెద్ద ఊరట అయింది. ఏ పద్ధతైనా దాదాపు గంట పడుతుంది. పొద్దున ఇస్తే పిల్లాడు ప్రార్థన అయ్యాక వస్తాడు, గుమ్మం దగ్గర దెబ్బకు చేయి చాపుతాడు, మొదటి పీరియడ్ పోతుంది. మన బడుల్లో మొదటి పీరియడ్ సాధారణంగా తెలుగో లెక్కలో. కాబట్టి తల్లికి చెప్పండి, డాక్టరు ఒప్పుకుంటే ఎనీమాను సాయంత్రానికి మార్చుకోమని. కూలికో డ్యూటీకో వెళ్ళే తల్లికి కూడా రాత్రి ఎనిమిది గంటలే తీరిక. ఈ ఒక్క మార్పుతో ఏడాదికి ఎన్ని పీరియడ్లు మిగులుతాయో మీ హాజరు పట్టీ చెబుతుంది.

అయినా పోయే పాఠాలు పోతాయి. ఆపరేషన్లకు, చెకప్‌లకు హైదరాబాద్ నిలోఫర్‌కో, పెద్దాస్పత్రి ఉన్న ఇంకో ఊరికో వెళ్తే రెండు మూడు రోజులు, అడ్మిట్ చేస్తే వారాలు. ఆస్పత్రికి వెళ్ళే తేదీ ముందే అడిగి తెలుసుకోండి. పాఠ్యపుస్తకం మొత్తం మోయించవద్దు. భాషలో చదవడానికి ఒక చిన్న కథ, లెక్కల్లో ఒక భావన, అంతే ఇచ్చి పంపండి. మంచం మీద సెలైన్‌తో ఉన్న బిడ్డకు అంతకు మించి చేతకాదు, అది చేయగలిగితే చాలు. తిరిగొచ్చాక తరగతి ఉన్న చోటినుంచి మొదలుపెట్టకండి, అతను ఆగిన చోటినుంచి మొదలుపెట్టండి. లెక్కల్లో ఇది మరీ ముఖ్యం. స్థానవిలువ చెప్పిన రెండు వారాలూ ఆస్పత్రిలో ఉన్న పిల్లాడు నాలుగో తరగతి భాగహారంలో తప్పుతాడు. అక్కడ ఎంత చెప్పినా ఎక్కదు. వెనక్కి వెళ్ళి ఆ ఖాళీ పూడ్చాలి. హాజరు పట్టీలో లేని రోజుల పక్కన ఆ రోజుల్లో జరిగిన పాఠం పెన్సిల్‌తో రాసుకోండి. ఖాళీ ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు.

ఆపరేషన్ల వల్ల ఎనిమిదేళ్ళకు మొదటిసారి బడిమెట్లు ఎక్కే పిల్లలూ ఉంటారు. వాళ్ళను ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలని చూస్తారు. విద్యాహక్కు చట్టం 2009లో నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, తోటివాళ్ళను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఆ బిడ్డ హక్కు. అదే చట్టం పదిహేడో సెక్షన్ శారీరక దండనతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. బట్టలు పాడైన పిల్లాణ్ణి అందరి ముందూ నిలబెట్టడం, ఇంటికి నడిపించి పంపడం, ముక్కు మూసుకోవడం మానసిక వేధింపే. చట్టం లేకపోయినా చేయకూడనివే అవి.

తోటిపిల్లల సంగతి. వాళ్ళు మీ ముఖం చూసి నేర్చుకుంటారు. మొదటిసారి జరిగిన రోజు మీరు ఎలా లేచారు, ఏ గొంతుతో మాట్లాడారు అన్నదాన్ని బట్టి ఏడాది నడుస్తుంది. "కంపు" అనే మాట ఒక్కసారి మీ నోట వస్తే అది ఆ పిల్లాడి పేరైపోతుంది. అతని జబ్బు వివరాలు తరగతికి చెప్పాలా వద్దా అన్నది అతనూ అమ్మానాన్నా తేల్చుకోవాలి. వాళ్ళు వద్దంటే, ఒంట్లో ఒక్కో భాగం ఒక్కొక్కరికి ఒక్కోలా పనిచేస్తుందని, కొందరికి కళ్ళజోడు, కొందరికి ఇన్‌హేలర్, కొందరికి తరచుగా బాత్రూం కావాలని సైన్సు పాఠంలో మామూలుగా చెప్పండి. స్టాఫ్‌రూంలో ఆ పిల్లాడి కథ నలుగురికీ చెప్పకండి. క్లాస్ టీచర్, హెచ్.ఎం., పి.ఇ.టి., ఆయమ్మ, ఈ నలుగురికి తెలిస్తే చాలు.

పరీక్షల్లో తలుపు పక్క సీటు, లేచి వెళ్ళివచ్చినంత సమయం అదనంగా ఇవ్వండి. విహారయాత్ర ఉంటే వద్దనకండి. బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో ముందే చెబితే ఇంట్లోవాళ్ళే ఏర్పాటు చేసి పంపుతారు.

కొన్ని విషయాల్లో మాత్రం ఆలస్యం పనికిరాదు. హిర్ష్‌స్ప్రంగ్ ఉన్న పిల్లాడికి, ఆపరేషన్ అయి ఏళ్ళు గడిచినా, పేగులో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ రావచ్చు. జ్వరం, ఉబ్బిపోయి బిగుసుకున్న పొట్ట, ఘాటైన దుర్వాసనతో నీళ్ళ విరేచనాలు, వాంతులు, వాడిపోయినట్టు పడి ఉండటం కనిపిస్తే "విరేచనాలే కదా" అని ఓఆర్‌ఎస్ ఇచ్చి సాయంత్రం దాకా కూర్చోబెట్టకండి. వెంటనే ఇంటికి ఫోన్, 108కి ఫోన్. ఈ జబ్బు పేరు ఆస్పత్రిలో మొదటి మాటగా చెప్పాలి. పచ్చటి వాంతి ఏ పేగు ఆపరేషన్ అయిన బిడ్డకైనా ప్రమాద సూచనే. పొట్ట మీద పేగు నోరు ఎర్రగా, తడిగా ఉండటం సహజం, నల్లబడితే ఆ క్షణమే కదలాలి. విరేచనాలు ఆపే మందులు ఎవరి దగ్గర ఉన్నా ఇవ్వకండి.

ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇప్పుడు. మలద్వారం లోపంతో పుట్టిన కొందరిలో వెన్నుపాము కింద అతుక్కుపోయి ఉంటుంది, ఎత్తు పెరిగేకొద్దీ బిగుతుగా సాగుతుంది. మూత్రం మీద పట్టున్న పిల్లాడు కొత్తగా చెడ్డీ తడుపుకోవడం, నడకలో తేడా, తరచుగా పడిపోవడం, నడుము నొప్పి దీనికి గుర్తులు. ఇంట్లో రోజూ చూసేవాళ్ళకు ఈ మార్పు తెలియకపోవచ్చు. పరుగు పందెంలో ఏటా చూసే పి.ఇ.టి.కి తెలుస్తుంది. అలాగే ఈ లోపంతో పుట్టిన ఆడపిల్లలకు పన్నెండు పదమూడేళ్ళు దాటాక రక్తస్రావం లేకుండానే నెలనెలా కడుపునొప్పి వస్తుంటే, అది బడికి రాకుండా ఉండటానికి సాకు కాదు. సర్జన్ చూడాల్సిన విషయం.

ఎక్కడికి పంపాలి? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని పరీక్షిస్తాయి. పుట్టుకతో వచ్చే లోపాల్లో అవి పేరుపెట్టి వెతికేది తొమ్మిదింటిని. పేగు జబ్బులు ఆ తొమ్మిదిలో లేవు. అందుకే వాళ్ళంతట వాళ్ళే పట్టుకుంటారని ఆగకండి. ఎదుగుదలలో ఆలస్యం, పోషకాహార లోపం ఆ పరీక్షల్లో ఉన్నాయి. ఆ పేరుతో మీరే చూపించి, జిల్లా ఆస్పత్రిలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి రాయించండి. కదలికలు, మాటలు, వినికిడి అన్నీ ఒకేచోట చూస్తారు. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. నేర్చుకోవడంలో నిజంగా ఇబ్బంది ఉందా, పోయిన పాఠాల వల్ల ఖాళీయా అన్నది తేల్చడానికి వాళ్ళ సాయం తీసుకోండి. ఖాళీలు పూడ్చే ప్రయత్నం చేయకముందే ఏ పిల్లాడికీ "స్లో" అని రాయకండి. ఆపరేషన్ల ఖర్చు గురించి ఇంట్లోవాళ్ళు భయపడుతుంటే, ఈ శస్త్రచికిత్సలు ఆరోగ్యశ్రీ, వైద్యసేవ పథకాల కింద జరుగుతున్నాయని చెప్పి ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవమనండి.

చివరిగా ఒక కాగితం. అయిదో తరగతి అయ్యాక ఈ పిల్లాడు హైస్కూలుకు వెళ్తాడు. అక్కడ పీరియడ్‌కో టీచర్ మారతారు, మీరు అయిదేళ్ళలో నేర్చుకున్నది ఎవరికీ తెలియదు. ఏప్రిల్‌లోనే, ఇంట్లోవాళ్ళ అనుమతితో, ఒక పేజీ రాయండి. జబ్బు పేరు, ఎర్ర పెన్సిల్ గుర్తు, భోజనం తర్వాతి అరగంట, తాళం లేని గది, ఏ లక్షణాలకు 108, లెక్కల్లో ఎక్కడ ఖాళీ మిగిలింది, ఏ కథంటే ఇష్టం. పోస్టులో పంపకండి. పిల్లాణ్ణీ తల్లినీ వెంటబెట్టుకుని వెళ్ళి, ఆరో తరగతి క్లాస్ టీచర్ చేతికి ఇచ్చి, అక్కడి మరుగుదొడ్డి ఎక్కడుందో ముగ్గురూ చూసి రండి.